రెండు బ్యాటరీలు మార్చినా స్టార్ట్ కాని కారు: ఒక ఆటో ఎలక్ట్రీషియన్ రాసుకున్న కేస్ స్టడీ

కీ తిప్పితే టకటక చప్పుడు, ఇంజిన్ తిరగదు. ఈ లక్షణంతో వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి బ్యాటరీ ఛార్జ్ చేస్తేనో మారిస్తేనో పని అయిపోతుంది. అందుకే షెడ్డులో నిన్న చేరిన కుర్రాడు కూడా ఆ చప్పుడు వినగానే "బ్యాటరీ పోయింది" అనేస్తాడు. ఇక్కడ రాస్తున్న బండికి మా దగ్గరికి రాకముందే రెండు బ్యాటరీలు మారాయి, సెల్ఫ్ మోటర్ (స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్‌ను తిప్పేది) మారింది, ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేది) విప్పి బిగించారు. సమస్య మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. కారణం దొరికాక దాన్ని బాగుచేయడానికి అయిన ఖర్చు ఆ బ్యాటరీల్లో ఒకదాని ధరలో సగం కూడా లేదు. అక్కడిదాకా ఏ ఆలోచనతో వెళ్లామన్నదే ఇందులో పనికొచ్చే విషయం కాబట్టి, ప్రతి మెట్టు దగ్గరా ఎందుకలా చేశానో విడమర్చి రాస్తున్నాను. యజమానిని గుర్తుపట్టే వివరాలు, బండి కంపెనీ, మోడల్ తీసేశాను. ఈ లోపం ఏ కంపెనీ బండికైనా వస్తుంది.

నేపథ్యం

పదేళ్లు దాటిన చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్ గేర్లు, కేబుల్‌తో పనిచేసే క్లచ్, 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ. బెంగళూరు తూర్పు వైపు, కేఆర్ పురం పరిసరాల్లో ఉండే ఒక తెలుగు కుటుంబానిది. ఇంటాయన ఆఫీసుకు మెట్రోలో వెళ్తారు. బండి ఎక్కువగా నడిపేది ఆయన భార్య. ఆమె టీచర్. పొద్దున్నే ఇంటి నుంచి స్కూలుకు, సాయంత్రం స్కూలు నుంచి ఇంటికి, మొత్తం కలిపినా పది కిలోమీటర్లు దాటదు. ఏడాదికి కొన్నిసార్లు హైదరాబాద్ హైవే మీద రాయలసీమలోని సొంతూరికి వెళ్లొస్తారు.

బండి చరిత్రలో రెండు సంగతులు ముఖ్యం. 2022 సెప్టెంబరు వానలకు మహదేవపుర, బెళ్లందూరు, ఔటర్ రింగ్ రోడ్ చుట్టుపక్కల నీళ్లు నిలిచిన సంగతి ఇక్కడున్న వాళ్లెవరూ మరిచిపోరు. అప్పుడు ఈ బండి ఒక రాత్రంతా బేస్‌మెంట్‌లో సగం చక్రాల ఎత్తు నీళ్లలో నిలబడింది. లోపల సీట్లదాకా నీళ్లు రాలేదు, మర్నాడు మామూలుగానే స్టార్ట్ అయింది కాబట్టి ఎవరూ దాని గురించి మళ్లీ ఆలోచించలేదు. రెండోది, ఆ తర్వాతి ఏడాది క్లచ్ ప్లేట్ అరిగిపోతే ఒక షెడ్డులో గేర్‌బాక్స్ దించి కొత్త క్లచ్ సెట్ వేశారు. స్టార్టింగ్ ఇబ్బంది మొదలైంది ఆ పని జరిగిన కొన్ని నెలలకు. ఈ రెండు సంగతులూ నాకు మొదట ఎవరూ చెప్పలేదు. "ఈ బండికి ఇంతకు ముందు ఏమేం పని చేయించారు, స్టార్టింగ్‌తో సంబంధం లేనివి కూడా చెప్పండి" అని అడిగితేనే బయటికొచ్చాయి.

వచ్చిన సమస్య

పొద్దున పూట కీ తిప్పితే సెల్ఫ్ అందుకోదు. టకటకమని చప్పుడు, లేదంటే ఒక్కసారి టక్కుమని ఆగిపోతుంది. కొన్ని రోజులు బరువుగా, ఈడ్చుకుంటూ తిరిగి స్టార్ట్ అవుతుంది. వాన పడిన మర్నాడు, డిసెంబరు చలిలో ఎక్కువ. వాచ్‌మన్, పక్కవాళ్లు కలిసి నెడితే సెకండ్ గేర్‌లో వెంటనే అందుకుంటుంది. ఒకసారి స్టార్ట్ అయ్యాక దారిలో ఎక్కడా ఆగదు, మిస్‌ఫైర్ లేదు, పికప్ బాగుంది.

మేడం మా దగ్గర మొదట అన్న మాట: "అన్నా, బ్యాటరీ మార్చమని మాత్రం చెప్పొద్దు. ఇప్పటికే రెండుసార్లు మార్చేసినాం."

ఆమె చెప్పిన వాటిలో మూడు సంగతులు జాబ్ కార్డు మీద కింద గీత గీసి రాసుకున్నాను. ఊరికి వెళ్లొచ్చిన వారం బండి చక్కగా స్టార్ట్ అవుతుంది, తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. కీ తిప్పి టకటకలాడేటప్పుడు కూడా ఎదుటి గోడ మీద హెడ్‌లైట్ వెలుగు పెద్దగా తగ్గదు. మూడోది ఆమె యథాలాపంగా అన్నది: "పక్క ఫ్లాట్ ఆయన వాళ్ల కారుతో కేబుల్ వేస్తే ఒక్క తిప్పుకే అందుకుంది. ఇంకో రోజు రోడ్డు మీద ఒక అబ్బాయి వచ్చి కేబుల్ వేసినాడు, ఎంతసేపు పెట్టినా కాలేదు. పక్క ఫ్లాట్ ఆయన కారు పెద్దదని అట్లయిందేమో."

కేబుల్ వేయడమంటే రెండు లావు వైర్లతో ఇంకో కారు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకోవడం. దీని గురించి కింద వివరంగా రాస్తాను. కేసు సగం విప్పింది ఆ మాటే.

అంతకు ముందు చేసినవి, ఎందుకు పనిచేయలేదు

మొదటి బ్యాటరీ మార్చడం తప్పని నేను అనను. అది నాలుగేళ్ల పాతది, మార్చాల్సిన వయసే. కొత్తది వేశాక కొన్ని వారాలు బాగుంది, మళ్లీ అదే. అమ్మిన షాపు వాళ్లు వారంటీలో ఇంకోటి ఇచ్చారు. అదీ అంతే. కొత్త బ్యాటరీ నిండుగా ఛార్జ్ అయి వస్తుంది కాబట్టి లోపం వేరేచోట ఉన్నా కొన్నాళ్లు దాన్ని కప్పేస్తుంది. ఆ కొన్నాళ్ల సుఖమే "సమస్య బ్యాటరీదే, ఈ పీసు కూడా బాగాలేదు" అని అందరినీ నమ్మించింది.

తర్వాతి చోట బ్యాటరీ దగ్గర ఛార్జింగ్ కొలిచారు. లైట్లు, బ్లోయర్ వేసినప్పుడు 13.4 వోల్టులు చూపించింది. కనీసం 13.8 అయినా ఉండాలి కాబట్టి ఆల్టర్నేటర్ బలహీనమైందని విప్పి, బ్రష్‌లు, రెగ్యులేటర్ మార్చారు. బిగించాక అదే 13.4. కొలత నిజమే. కానీ అది బ్యాటరీ దగ్గర కొలిచింది. ఆల్టర్నేటర్ దగ్గర ఎంత ఉందో ఎవరూ చూడలేదు.

మరో చోట మ్యూజిక్ సిస్టం రాత్రంతా కరెంటు లాగేస్తోందని దాని వైరు పీకేశారు. ఇంకోచోట సెల్ఫ్ మోటర్ మార్చారు. ఆ ఎలక్ట్రీషియన్‌కు ఎర్తింగ్ మీద, అంటే కరెంటు ఇంజిన్ లోహం నుంచి బ్యాటరీ నెగటివ్‌కు తిరిగొచ్చే దారి మీద, అనుమానం వచ్చిందట. మల్టీమీటర్‌ను బీప్‌లో (దారి తెగకుండా ఉంటే మోగే పరీక్షలో) పెట్టి బ్యాటరీ నెగటివ్‌కు, ఇంజిన్‌కు పట్టించి చూశాడట. బీప్ వచ్చింది, ఎర్త్ బాగుందన్నాడు. ఆలోచన సరైన దిక్కుకే వెళ్లింది, పరీక్ష దాన్ని పక్కదారి పట్టించింది. ఎలాగో తర్వాత చెబుతాను.

ఇదంతా జరుగుతుండగా క్లచ్ బిగుసుకుపోయి క్లచ్ కేబుల్ కూడా మార్చారు. కొత్త కేబుల్ మళ్లీ బిగుసుకోవడం మొదలైంది. స్టార్టింగ్‌కూ దానికీ సంబంధం ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

ఎక్కడ మొదలుపెట్టాను

స్టార్ట్ కాని బండి వస్తే నేను మొదట అడిగేది ఒకటే: ఇంజిన్ తిరుగుతోందా, తిరగడం లేదా? ఇంజిన్ చక్కగా తిరిగి అందుకోకపోతే పెట్రోలు, స్పార్క్, సెన్సర్లు, ఇమ్మొబిలైజర్ (సరైన కీ కాకపోతే ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వనిది) వైపు వెళ్లాలి. ఇంజినే తిరగకపోతే వాటి జోలికి వెళ్లక్కర్లేదు. ఈ బండి నెట్టితే వెంటనే అందుకుంటోంది. అంటే పెట్రోలు వస్తోంది, స్పార్క్ వస్తోంది. మిగిలింది బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటర్‌కు వెళ్లి మళ్లీ బ్యాటరీకి చేరే దారి ఒక్కటే. వెతకాల్సిన చోటు ఇక్కడే సగానికి పైగా తగ్గింది. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే లోపం చూపే కోడ్ ఏదీ లేదు. ఎర్త్ కేబుల్‌ను కనిపెట్టి ఉండే సెన్సర్ ఇలాంటి బండిలో ఉండదు కాబట్టి కోడ్ రాకపోవడం వల్ల నాకు కొత్తగా తెలిసిందేమీ లేదు.

బెంగళూరు అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ అనగానే ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడాలి. బోనెట్ కింద, సెల్ఫ్ సొలెనాయిడ్‌కు (సెల్ఫ్‌కు పెద్ద కరెంటు కలిపే అయస్కాంత స్విచ్‌కు) వెళ్లే సన్న వైరు వెంబడి చూశాను. కొరికిన ఆనవాళ్లు లేవు.

ఇక హెడ్‌లైట్ సంగతి. బ్యాటరీ నిజంగా ఖాళీ అయితే సెల్ఫ్ కొట్టగానే హెడ్‌లైట్లు ఎర్రగా, దీపంలా కునుకుతాయి. ఉన్న కాస్త వోల్టేజీని సెల్ఫ్ లాగేస్తుంది కాబట్టి. ఇక్కడ వెలుగు తగ్గడం లేదంటే బ్యాటరీలో వోల్టేజ్ నిలబడే ఉంది. సెల్ఫ్ లాగాలని చూస్తోంది, దారిలో ఏదో అడ్డుపడి అంత కరెంటు వెళ్లనివ్వడం లేదు. అది పాజిటివ్ వైపు కావచ్చు, ఎర్త్ వైపు కావచ్చు, సొలెనాయిడ్ లోపలి కాంటాక్టులు కావచ్చు.

పక్క ఫ్లాట్ ఆయన కేబుల్ వేసిన కథ ఇక్కడ పనికొచ్చింది. ఆయన నల్ల క్లిప్పు ఎక్కడ పెట్టారో కనుక్కోమని మేడంను అడిగాను. సాయంత్రం ఫోన్ చేసి చెప్పారు: "బ్యాటరీకి కాదంట అన్నా, ఇంజిన్ మీద ఇనప కొక్కెం ఉంది కదా, దానికి పెట్టినానన్నాడు." ఆయన చేసింది సరైన పద్ధతి. జంపర్ కేబుల్ వేసేటప్పుడు ఆఖరి నల్ల క్లిప్పును ఆగిపోయిన బండి బ్యాటరీకి కాకుండా ఇంజిన్ లోహానికి పెట్టమంటారు. బ్యాటరీ పక్కన నిప్పురవ్వ లేస్తే అక్కడ ఉండే హైడ్రోజన్ అంటుకునే ప్రమాదం ఉంది. రోడ్డు మీద వచ్చిన అబ్బాయి మాత్రం రెండు క్లిప్పులూ బ్యాటరీకే పెట్టాడు.

తేడా ఇదే. రెండుసార్లూ ఎర్ర క్లిప్పు ఒకేచోట ఉంది. నల్ల క్లిప్పు ఇంజిన్ మీద ఉన్నప్పుడు సెల్ఫ్ నుంచి వెనక్కి రావాల్సిన కరెంటు, ఈ బండి ఎర్త్ కేబుల్‌తో పని లేకుండా నేరుగా పక్క కారుకు వెళ్లిపోయింది. బండి ఒక్క తిప్పుకే అందుకుంది. బ్యాటరీ మీద పెట్టినప్పుడు అదే కరెంటు ఈ బండి ఎర్త్ కేబుల్ మీదుగానే రావాలి. రాలేదు. పాజిటివ్ వైపు గానీ సొలెనాయిడ్ గానీ కారణమైతే నల్ల క్లిప్పు ఎక్కడున్నా ఫలితం ఒకటే కావాలి. కాబట్టి మీటర్ బయటికి తీయకముందే అనుమానం ఇంజిన్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య ఉన్న ఎర్త్ మీదికి వెళ్లింది. అయినా ఒకరి జ్ఞాపకం మీద ఆధారపడి కేబుల్ మార్చను. కొలిచి తీరాలి.

కొలతలు

బండిని రాత్రి మా దగ్గరే ఉంచమన్నాను. లోపం చల్లని ఉదయాన కనిపించేదైతే చల్లని ఉదయానే కొలవాలి. మధ్యాహ్నం వేడి ఇంజిన్ మీద తీసిన కొలత బాగున్నా దానికి విలువ లేదు.

రాత్రి మ్యూజిక్ సిస్టం వైరు మళ్లీ కలిపి, తలుపులు లాక్ చేసి, కంట్రోల్ యూనిట్లన్నీ నిద్రలోకి వెళ్లడానికి దాదాపు గంట వదిలేసి, బండి ఊరికే లాగే కరెంటు చూశాను. 28 మిల్లీయాంప్స్. 50 లోపు ఉంటే మామూలే. లెక్క వేస్తే రోజుకు 0.7 ఏహెచ్ కూడా కాదు, 35 ఏహెచ్ బ్యాటరీకి అదొక లెక్క కాదు. మ్యూజిక్ సిస్టం మీద నింద అక్కడితో పోయింది. చిన్న విషయమే అయినా ఇది ముందే తేల్చుకోవాలి. లేకపోతే తర్వాత ఏం కనిపించినా "అదీ ఇదీ రెండూ ఉన్నాయేమో" అన్న సందేహం మిగిలిపోతుంది.

పొద్దున బ్యాటరీ వోల్టేజ్ 12.4. నిండుగా ఉంటే 12.6 పైన ఉండాలి. కొంచెం తక్కువే గానీ సెల్ఫ్ తిప్పలేనంత తక్కువ కాదు. ఫ్యూయల్ పంప్ రిలే పీకేశాను. అప్పుడు ఇంజిన్ స్టార్ట్ కాకుండా తిరుగుతూ ఉంటుంది, కొలవడానికి సమయం దొరుకుతుంది. మా కుర్రాడు కీ తిప్పాడు. ఇంజిన్ ఈడ్చుకుంటూ తిరిగింది. అప్పటి కొలతలు ఇవి, వోల్టుల్లో: బ్యాటరీ రెండు పోస్టుల (వైర్లు బిగించే మొనల) మధ్య 11.4. పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటర్ పెద్ద స్టడ్ (వైరు బిగించే బోల్ట్) వరకు పోయినది 0.3. నెగటివ్ పోస్టు నుంచి ఇంజిన్ లోహం వరకు పోయినది 3.4. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌లో సెల్ఫ్ లాగుతున్న కరెంటు 90 ఆంప్స్ దగ్గర.

ఎర్త్ వైపు 0.2 వోల్టులు దాటితేనే నేను ఆగి చూస్తాను. ఇక్కడ 3.4. బ్యాటరీలో 11.4 ఉన్నా సెల్ఫ్‌కు అందుతున్నది 7.7 మాత్రమే. అది కూడా అదృష్టం బాగున్న ఉదయం. సొలెనాయిడ్ లోపలికి లాగగానే పెద్ద కరెంటు మొదలవుతుంది, ఎర్త్ దగ్గర వోల్టేజ్ ఇంకా పోతుంది, సొలెనాయిడ్‌ను పట్టి ఉంచే శక్తి చాలక వదిలేస్తుంది, వదలగానే వోల్టేజ్ తిరిగొచ్చి మళ్లీ లాగుతుంది. ఆ లాగడం, వదలడమే టకటక. బ్యాటరీ ఖాళీ అయినా ఇదే చప్పుడు రావడం వల్ల అందరూ బ్యాటరీ దగ్గరే ఆగిపోయారు.

బీప్ పరీక్ష ఎందుకు మోసం చేసిందో ఇక్కడ చెప్పాలి. 3.4 వోల్టులను 90 ఆంప్స్‌తో భాగిస్తే ఎర్త్ దారిలో ఉన్న నిరోధం 0.038 ఓం. మామూలు మల్టీమీటర్ వైర్లకే అంతకు అయిదారు రెట్లు ఎక్కువ నిరోధం ఉంటుంది. మీటర్ పంపే కరెంటు మిల్లీయాంప్స్‌లో ఉంటుంది. కేబుల్‌లో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. సెల్ఫ్‌కు వంద ఆంప్స్ కావాలి. ఓం లెక్కలో కనిపించని ఈ లోపం, కరెంటు పోతున్నప్పుడు వోల్టేజ్ కొలిస్తే మూడున్నర వోల్టులై ఎదురుగా నిలబడుతుంది. ఈ కేసులో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంటే చాలని మా కుర్రాళ్లకు చెబుతుంటాను.

తర్వాత ఆ 3.4 ఎక్కడ పోతోందో అడుగడుగునా వెతికాను. నల్ల ప్రోబ్ నెగటివ్ పోస్టు మీదే ఉంచి, ఎర్రదాన్ని ముందుకు జరుపుతూ వెళ్లాను. టెర్మినల్ క్లాంప్ మీద 0.03. గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ లగ్ (కేబుల్ కొనకు బిగించిన లోహపు కన్ను) మీద 0.6. ఆ లగ్‌ను పట్టి ఉంచిన బోల్ట్‌కు వేలెడు దూరంలో గేర్‌బాక్స్ లోహం మీద 3.4. అంటే లగ్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య, రెండు లోహాలు తాకుతున్నట్టు కనిపించే ఆ చోటే 2.8 వోల్టులు పోతున్నాయి. మిగతా 0.6 కేబుల్‌లో పోతోంది.

ఈ బండిలో బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక పొట్టి వైరు బాడీకి, ఒక లావు కేబుల్ గేర్‌బాక్స్‌కు వెళ్తాయి. హెడ్‌లైట్లు బాడీ ఎర్త్ మీద వెలుగుతాయి, అందుకే వాటి వెలుగు తగ్గలేదు. సెల్ఫ్, ఆల్టర్నేటర్ మాత్రం ఇంజిన్ లోహం మీద ఉంటాయి. వాటి కరెంటంతా ఆ ఒక్క బోల్ట్ మీదుగా పోవాలి.

ఛార్జింగ్ చిక్కు కూడా ఇక్కడే విడిపోయింది. ఇంజిన్ నడిపించి, లైట్లు, బ్లోయర్ వేసి ఆల్టర్నేటర్ స్టడ్‌కూ దాని బాడీకీ మధ్య కొలిస్తే 14.4. అదే సమయంలో బ్యాటరీ మీద 13.4. ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తోంది. బోల్ట్ దగ్గర ఒక వోల్టు పోయాక బ్యాటరీకి మిగిలింది చేరుతోంది. పూటకు అయిదు కిలోమీటర్లు నడిచే బండికి ఆ వోల్టేజ్‌తో బ్యాటరీ ఎప్పటికీ నిండదు. ఊరికి వెళ్లొస్తే గంటల తరబడి, అదీ పగలు లైట్లు లేకుండా నడుస్తుంది కాబట్టి నెమ్మదిగానైనా నిండుతుంది. ఆమె చెప్పిన "ఊరికి వెళ్లొచ్చిన వారం" లెక్క సరిపోయింది.

ఒక్కటి మిగిలింది, క్లచ్ కేబుల్. కుర్రాడిని మళ్లీ కీ తిప్పమని, క్లాంప్ మీటర్‌ను క్లచ్ కేబుల్ చుట్టూ పట్టుకున్నాను. 6 ఆంప్స్ చూపించింది. కరెంటుతో ఏ సంబంధమూ లేని ఉక్కు తీగ అది. ఎర్త్ దారి మూసుకుపోతే కరెంటు ఇంజిన్‌నూ బాడీనీ కలిపే ఏ లోహం దొరికితే దాని మీదుగా పోతుంది. సెల్ఫ్ అందుకోని ఉదయాల్లో ఇంకా ఎక్కువే పోయి ఉండాలి. ఆ వేడికి కేబుల్ లోపలి ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి తీగను పట్టేస్తుంది, పెడల్ బరువెక్కుతుంది. కేబుల్ విప్పాక బయటి తొడుగు మీద ఒకచోట నలుపు తిరిగి, వేలితో నొక్కితే గట్టిగా తగిలింది.

బోల్ట్ విప్పే ముందు ఇంకొక్క నిర్ధారణ చేశాను. ఒక జంపర్ కేబుల్ తీసుకుని బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ కొక్కేనికీ మధ్య పెట్టి కీ తిప్పించాను. ఇంజిన్ రివ్వున తిరిగింది. మీటర్ లేని వాళ్లు కూడా ఈ పరీక్ష చేసుకోవచ్చు. చేతిలో జంపర్ కేబుల్ ఉంటే చాలు, ఇంకో కారు అక్కర్లేదు.

బాగుచేసిన తీరు

బోల్ట్ విప్పితే లగ్ కింద ఎండిన బురద పొర. గేర్‌బాక్స్ అల్యూమినియం మీద తెల్లని పొడి, రాగి లగ్ మీద పచ్చని చిలుము. రాగి, అల్యూమినియం కలిసినచోట తడి చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది, వచ్చే పొడిలో కరెంటు పారదు. 2022 నీళ్లు ఇందుకు బీజం వేసి ఉంటాయి. కానీ గేర్‌బాక్స్ దించి క్లచ్ వేసినప్పుడు ఈ బోల్ట్ తప్పకుండా విప్పే ఉంటారు. తిరిగి బిగించేటప్పుడు కింద రుద్దలేదు, పళ్లున్న వాషర్ కూడా లేదు. అప్పటిదాకా ఎలాగో కరచుకుని ఉన్న జాయింట్‌ను కదిపి, మురికి మీదే మళ్లీ బిగించడంతో ఇబ్బంది మొదలైంది. ఆ షెడ్డు వాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. బిగించిన రోజు బండి స్టార్ట్ అయింది కాబట్టి వాళ్లకు తెలిసే అవకాశం లేదు.

వైర్ బ్రష్‌తో, ఎమెరీ పేపర్‌తో రెండు వైపులా లోహం మెరిసేదాకా రుద్ది బిగించాను. మళ్లీ కొలిస్తే ఎర్త్ వైపు 0.9. ఇంజిన్ హుషారుగా తిరిగింది. చూస్తున్న మేడం "అయిపోయినట్టేనా అన్నా?" అన్నారు.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. బండి స్టార్ట్ అవుతోంది, కస్టమర్ సంతోషంగా ఉన్నారు. కానీ 0.2 ఉండాల్సిన చోట 0.9 ఉంది. కేబుల్‌లో 0.6 పోతోందని ముందే చూశాం. ఇప్పుడు కరెంటు ఎక్కువ పారుతోంది కాబట్టి అక్కడ పోయేది ఇంకా పెరిగింది. ఇలా పంపేస్తే రెండు వానాకాలాల్లో తిరిగొస్తుంది. లగ్ పక్కన కేబుల్ తొడుగు కోసి చూపించాను. రాగి పోగులు లగ్ నుంచి జానెడు పొడవునా నల్లగా, పచ్చగా మారి, వేలితో నలిపితే పొడిగా రాలాయి. తడి తొడుగు లోపల పోగుల వెంబడి పాకుతూ పోతుంది, బయటికి కేబుల్ కొత్తదానిలా కనిపిస్తుంది. చూశాక ఆమె ఇంకేమీ అడగలేదు. "మార్చేయండి అన్నా" అన్నారు.

బండి విడిభాగాలు దొరికే జేసీ రోడ్డు నుంచి 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, పూత వేసిన లగ్గులు తెప్పించాను. లగ్గును సుత్తితో కొట్టి నలపకుండా హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడిగాను, తడి మళ్లీ పోగుల్లోకి ఎక్కకుండా. పళ్ల వాషర్ వేసి బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాశాను. ముందు బిగించడం, తర్వాత రాయడం. లోహాల మధ్య లోహమే ఉండాలి.

అప్పుడు కొత్త క్లచ్ కేబుల్ వేశాను. ఎర్త్ బాగుకాకుండా దాన్ని ముందే వేస్తే ఇదీ కాలిపోయేది. ఆఖరున బ్యాటరీని రాత్రంతా ఛార్జర్ మీద పెట్టాను. అది మంచి బ్యాటరీయే, పాపం ఎప్పుడూ కడుపు నిండలేదు.

మర్నాడు పొద్దున కొలతలు: ఎర్త్ వైపు 0.13. సెల్ఫ్ లాగుతున్నది 130 ఆంప్స్. బ్యాటరీ పోస్టుల మధ్య 11.1. లైట్లు, బ్లోయర్ వేసి నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 14.2.

అందులో 11.1 అన్న అంకె దగ్గర మా కుర్రాడు ఆగిపోయాడు. "అన్నా, పాడై ఉన్నప్పుడు 11.4 ఉండె. బాగుచేసినాక తగ్గిందేం?" మంచి ప్రశ్న. ముందు కరెంటు పారలేదు కాబట్టి బ్యాటరీ మీద బరువు పడలేదు, వోల్టేజ్ నిలబడింది. ఇప్పుడు సెల్ఫ్‌కు కావలసినంత పారుతోంది, బ్యాటరీ కాస్త వంగింది, అయినా సెల్ఫ్‌కు 10.5 అందుతోంది. ఇంజిన్ తిరగనప్పుడు బ్యాటరీ వోల్టేజ్ బాగా ఎక్కువగా కనిపిస్తే బ్యాటరీ బలంగా ఉందని మురిసిపోకూడదు. కరెంటు బయటికే వెళ్లడం లేదేమోనని చూడాలి.

ఈ కేసు నుంచి మా షెడ్డులో మారినవి

గేర్‌బాక్స్ గానీ ఇంజిన్ గానీ దించిన ప్రతి బండికి, బిగించాక సెల్ఫ్ కొడుతూ ఎర్త్ వైపు, పాజిటివ్ వైపు వోల్టేజ్ ఎంత పోతోందో కొలిచి జాబ్ కార్డులో రాస్తున్నాం. పట్టే సమయం రెండు నిమిషాలు. బ్యాటరీ మార్చమని వచ్చిన బండికీ అంతే. ఆ రెండు అంకెలు రాసిన తర్వాతే కొత్త బ్యాటరీ బయటికి తీస్తాం.

కస్టమర్‌ను అడిగే తీరు కూడా మారింది. "స్టార్ట్ కావడం లేదు" అన్నాక, ఎప్పుడు అయింది, ఎలా అయింది, ఎవరు ఏం చేస్తే అయింది అని అడుగుతున్నాం. కానిరోజు కంటే అయినరోజు కథలో ఎక్కువ సమాచారం ఉంటుంది. నల్ల క్లిప్పు ఎక్కడ పెట్టారన్న ప్రశ్న ఇప్పుడు మా దగ్గర మామూలైంది.

సొంతంగా బండి చూసుకునే వాళ్లకు ఒక మాట. పాత మాన్యువల్ బండిలో సెల్ఫ్ ఈడుస్తూ, అదే కాలంలో క్లచ్ కేబుల్ లేదా యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుంటూ ఉంటే రెండింటినీ కలిపి మెకానిక్‌కు చెప్పండి. విడివిడిగా చెబితే విడివిడిగానే బిల్లు అవుతుంది. వాన నీళ్లలో నిలిచిన బండి అయితే ఆ సంగతి, అది ఎన్నేళ్ల కిందటిదైనా సరే, చెప్పండి. నీళ్లలో ఉన్న బండిని ఆటోమేటిక్ అయినా మాన్యువల్ అయినా, నెట్టి గానీ సెల్ఫ్ కొట్టి గానీ స్టార్ట్ చేయడానికి అసలు ప్రయత్నించవద్దు. ఇంజిన్‌లోకి నీళ్లు లాగితే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, ఆ నష్టం ముందు ఇక్కడ రాసిందంతా చిన్నదే.

పీకేసిన పాత సెల్ఫ్ మోటర్‌ను మేడం డిక్కీలో పెట్టుకునే ఉన్నారు. బెంచ్ మీద పెట్టి చూశాను. బ్రష్‌లు సగానికి పైగా ఉన్నాయి, సొలెనాయిడ్ కాంటాక్టులు శుభ్రంగా ఉన్నాయి, బాగా తిరిగింది. దాన్ని పారేయవద్దని చెప్పి ఇచ్చేశాను. వానాకాలం ముగిశాక సర్వీసుకు వచ్చినప్పుడు ఎర్త్ మళ్లీ కొలిచాను, 0.14. క్లచ్ తేలిగ్గానే ఉంది.